శివారుకు అందిన నీరే పారుదల

(పెన్షనర్ల దినోత్సవ సభలో, అంతర్వేది సాగరతీర నడక ఏర్పాట్ల గురించి చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 గుర్తుకు వస్తుంది. ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని వేరు. సంక్రాంతి వెళ్ళాక మనం చేయదలచిన అంతర్వేది నడక ఎలా జరగాలో చెప్పమన్నారు.

"అదేమంత విషయమండీ, బస్సు మాట్లాడుకుని వెళ్ళిరావడమే కదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను నీటిపారుదల శాఖలో 33 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. కాలువకు నీరు వదలడం తేలిక. శివారు మడికి చేర్చడమే పని. తలదగ్గర రైతు ఎలాగూ పండించుకుంటాడు. శివారు రైతు చేలో తడి ఉందా లేదా అన్నదాన్నిబట్టే ఆ ఏడు కాలువ సరిగ్గా పారిందో లేదో చెప్పగలం. నడకకూ అదే లెక్క అని నా మనవి. ముందు నడిచే నలుగురు ఎంత దూరం వెళ్ళారన్నది కాదు, అందరికంటే వెనక నడిచేవారు సుఖంగా వెళ్ళి సుఖంగా ఇంటికి చేరారా అన్నది చూడాలి. ఈ పూట నేను చెప్పబోయే ఏర్పాట్లన్నీ ఈ ఒక్క లెక్కలోనుంచి వచ్చినవే.

ముందుగా అంతర్వేదే ఎందుకు అన్న ప్రశ్న. కార్యవర్గంలో పాపికొండలు అన్నవారున్నారు, మారేడుమిల్లి అన్నవారున్నారు. రెండూ చూడదగ్గవే. కాని ఒకటి పడవ ప్రయాణం, రెండోది ఘాటీ రోడ్డు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన బోటు ప్రమాదం మనం మరిచిపోలేదు. పడవ ఎక్కకుండా, కొండ ఎక్కకుండా, ఉదయం వెళ్ళి చీకటి పడకముందే ఇల్లు చేరగలిగిన చోటు మనకు కావాలి. అమలాపురం వాళ్ళం రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా వెళ్ళవచ్చు. కొత్తపేట వాళ్ళు పి. గన్నవరం మీదుగా వచ్చి రాజోలులో కలుసుకోవచ్చు. రాజోలు వారికి అది పెరటి తోటే.

ఇక అక్కడ చూడవలసినదా, దండిగా ఉంది. మనలో చాలామందికి అంతర్వేది అంటే భీష్మ ఏకాదశి తీర్థం, రథం, జనం. లక్ష్మీనరసింహస్వామివారి దర్శనం చేసుకుని, ఒక మునక వేసి, బస్సు కోసం పరుగెత్తినవాళ్ళమే అందరం. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుణ్ణి స్వామి సంహరించడం, వసిష్ఠ మహర్షి ప్రార్థన, గుర్రాలక్క అమ్మవారి కథ మనకు చిన్నప్పటినుంచీ తెలిసినవే. ఇప్పటి ఆలయం కోపనాతి కృష్ణమ్మగారు కట్టించినదనీ, 1823లో పూర్తయిందనీ చదువుకున్నాం. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు బాధపడ్డాం, 2021లో కొత్త రథం చూసి ఊరట చెందాం. కాని గుడి దాటి ఇసుకలోకి తీరుబడిగా నడిచినవారు మనలో ఎందరు? చేతులెత్తమని అడగను, ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

అక్కడ అన్నాచెల్లెళ్ళ గట్టు అని ఒక చోటుంది. ఒక పక్క వశిష్ఠ గోదావరి, ఇంకో పక్క సముద్రం. నది నీరు ఒక రంగు, సముద్రం నీరు ఒక రంగు. రెండూ కలిసే చోట గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. నది పక్కన కెరటం ఉండదు, పెద్ద చెరువు ఒడ్డున కూర్చున్నట్టు ఉంటుంది. తల ఇటు తిప్పితే హోరు, అటు తిప్పితే నెమ్మది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చిన గోదావరిలో ఒక పాయ అక్కడ ప్రయాణం ముగిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు వెళ్ళిన నీరు ఎన్ని మడులు తడిపిందో నేను చూశాను. కాలువలకు ఎక్కని నీరు ఎక్కడికి వెళ్ళిందో చూడాలంటే ఆ గట్టుకు పోవాలి. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అంటారే, ఆ పులస కూడా సముద్రంలో ఇలసగా ఉండి, వరదనీటి వాసన పట్టి ఇలాంటి మొగల్లోనుంచే నదిలోకి ఎక్కుతుంది.

దారి పొడుగునా చూడవలసినవి ఇంకా ఉన్నాయి. సరుగుడు తోటలు దాటగానే ఇసుకమీద పాకే చెవులపిల్లి తీగ కనిపిస్తుంది. మేకడెక్క లాంటి ఆకు, ఊదారంగు పువ్వు. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఆ తీగే. రావణాసురుడి మీసాలని చిన్నప్పుడు ఆడుకున్న గడ్డి కూడా అక్కడిదే. ఎర్ర పీతలు మన అడుగుల అదురుకే బొరియల్లో దూరిపోతాయి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే మళ్ళీ బయటికి వస్తాయి. నెమ్మదిగా నడిచేవారికి దక్కే చూపులివి. చలికాలంలో ఉత్తరాది చలిదేశాలనుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు కెరటం వెనక్కి తీయగానే ముందుకు పరుగెత్తి, కెరటం రాగానే వెనక్కి పరుగెత్తుతాయి. పైన గరుడపక్షి తిరుగుతూ ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి రాత్రివేళ వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్క తల్లి ఒక విడతకు వంద దాకా పెట్టి, కప్పెట్టి, వెళ్ళిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. గూడు ఆనవాలు కనిపిస్తే తవ్వకూడదు, తొక్కకూడదు. మనుమలకు ఈ మాట ముందే చెప్పి తీసుకురండి.

ఇప్పుడు ఒక స్నేహితుడి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆయన కోప్పడతారు. ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించిన పెద్దమనిషి. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి తగ్గింది గాని, ఎడమకాలు ఈడుస్తుంది. అప్పటినుంచి మన నెలవారీ సమావేశానికి రావడం మానేశారు. నడక సంగతి చెబుదామని నేను వారింటికి వెళ్ళాను. ఆయన నవ్వి, "నేనొస్తే నలభైమందిని ఆపినవాణ్ణవుతానండీ. మీరు వెళ్ళి రండి, ప్రసాదం పంపండి చాలు" అన్నారు. లోపల్నుంచి కాఫీ తెచ్చిన అమ్మగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ ఈ రెండేళ్ళలో ఆసుపత్రికి తప్ప గడప దాటలేదని నాకు తరువాత తెలిసింది.

ఆ ఇంట్లోనుంచి బయటికి వచ్చాక నాకు తోచింది ఇదండీ. మనం దారి ముందు నిర్ణయించి, దానికి సరిపడే మనుషుల్ని పోగుచేస్తున్నాం. అలా చేస్తే ప్రతిసారీ ఓపికున్న పాతికమందే వస్తారు, మిగతావాళ్ళకు ప్రసాదం వెళ్తుంది. క్రమంగా వాళ్ళు సంఘానికే దూరమైపోతారు. శివారు రైతు మొదట నీటికోసం అడుగుతాడు, తరువాత అరుస్తాడు, ఆ తరువాత అడగడం మానేస్తాడు. అడగడం మానేశాడంటే అక్కడ నీరు అందుతోందని కాదు. కాబట్టి లెక్క తిరగేద్దాం. ముందు మనుషుల నడక కొలుద్దాం, తరువాత దారి వేద్దాం.

మర్నాడు ఉదయం నేను మళ్ళీ మాస్టారి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ వీధి చివర కాలువగట్టు మీద ఆయనతో నడిచాను. చేతికర్రతో, అబ్బాయి పక్కన ఉండగా, ఆగకుండా పది నిమిషాలు నడిచారు. ఐదు నిమిషాలు కూర్చున్నారు. మళ్ళీ పది నిమిషాలు నడిచారు. అలా మూడు విడతలు. నాలుగోది నేనే వద్దన్నాను. ఆ పది నిమిషాలే మన నడకకు కొలత అని కార్యవర్గానికి చెప్పాను, వారు ఒప్పుకున్నారు.

ఆ కొలత పట్టుకుని, ఇద్దరు మిత్రులతో కలిసి గతవారం అంతర్వేది వెళ్ళి నడిచి చూశాను. దారిని మూడు మజిలీలుగా విడదీశాం. మొదటి మజిలీ, తీరం దగ్గర బస్సు ఆగే చోటు పక్కన సరుగుడు నీడ. అక్కడికి నడిచేది పది అడుగులే. కుర్చీలు వేస్తాం. కూర్చున్నచోటునుంచే సముద్రం హోరు వినబడుతుంది, గాలి తగులుతుంది. రెండవది, తడి ఇసుక అంచుదాకా. మూడవది, తీరం వెంబడి అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు. ఎవరు ఏ మజిలీ దగ్గర ఆగినా నడకకు వచ్చినట్టే. మొదటి మజిలీలో ఎవరినీ ఒంటరిగా వదలం. కనీసం నలుగురు అక్కడ ఉండి తీరాలి, వాళ్ళు గంటకొకసారి మారతారు. కాలువల్లో వంతులవారీ నీటి పద్ధతి ఉందే, అలాగన్నమాట.

పొడి ఇసుకలో అడుగు దిగబడుతుంది, మోకాళ్ళకు భారం. కెరటం తడిపి వెళ్ళిన ఇసుక గట్టిగా ఉంటుంది, దానిమీద నడక తేలిక. అందుకని పోటు తీసే వేళకు మనం అక్కడ ఉండాలి. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు జోరు ఎక్కువ, అష్టమి దగ్గరికి తగ్గుతుంది. ఈ లెక్క పల్లిపాలెం మత్స్యకారులకు తెలిసినట్టు మనకు తెలియదు. వారిని అడిగే తారీఖు ఖాయం చేస్తాం. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం అలసట తీరాక, రథసప్తమికి ముందు అనుకుంటున్నాం. ఆ సందులో వీలు కుదరకపోతే, కళ్యాణోత్సవాలు ముగిసి జనం తగ్గాక వెళ్దాం. ఇసుక ఏ ఏడుకాయేడు మారుతుంది. 1986 ఆగస్టు వరదలో గట్లమీద కాపలా కాసినవాణ్ణి, 1996 నవంబరు 6 రాత్రి తుపాను తరువాత కాలువల్లో పడిన కొబ్బరిచెట్లు తీయించినవాణ్ణి. గోదావరి, సముద్రం నిన్న ఉన్నచోట ఇవాళ ఉండవని నాకు తెలుసు. అందుచేత ప్రయాణానికి వారం ముందు మరోసారి వెళ్ళి చూసి వస్తాం.

ఉదయం 6 గంటలకు బయలుదేరి, సుమారు 8 గంటలకు అంతర్వేది. అక్కడ ఫలహారం, ఇడ్లీ గాని పనసాకు పొట్టిక్కలు గాని. 9 గంటలకు తీరం. పదిన్నరకల్లా అందరూ మొదటి మజిలీకి తిరిగి రావాలి. గట్టు ఇంకా కనిపిస్తున్నా సరే, తొమ్మిది ముప్పావుకు ఎక్కడ ఉంటే అక్కడనుంచి వెనక్కి తిరగాలి. వెళ్ళేటప్పుడు గాలి వీపుకు తగిలి నడక తేలికనిపిస్తే, వచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది. ఓపికలో సగం వెళ్ళడానికి కాదు, మూడోవంతే వెళ్ళడానికి. మిగతా రెండు వంతులు తిరుగు ప్రయాణానికి. తరువాత దర్శనం, భోజనం, కాస్త విశ్రాంతి. 3 గంటలకు బస్సు.

ఆరోగ్యం సంగతి. గుండెజబ్బు, పక్షవాతం, మోకాలి ఆపరేషన్ అయినవారు మీ డాక్టరుగారిని అడిగి రండి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో నడవరాదు. జేబులో నాలుగు బిస్కెట్లు, చిన్న పొట్లంలో పంచదార ఉండాలి. అరికాళ్ళలో స్పర్శ తగ్గినవారు చెప్పులు విప్పి ఇసుకలో నడవవద్దు. ఆలిచిప్ప గీసుకున్నా తెలియదు, పుండై కూర్చున్నాక తెలుస్తుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులు గాని, మెత్తటి బూట్లు గాని వేసుకోండి. హవాయి చెప్పులు ఇసుకలో జారతాయి. మీరు వాడే మందుల పేర్లు, ఇంటివారి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఇంకొక మాట. సభలో చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. మన ఆడవాళ్ళు ప్రయాణమంటే ముందురోజు రాత్రినుంచే మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియక. బి.పి.కి నీరు పోయే మాత్ర వేసుకునే మగవారి అవస్థా అంతే. ఎండలో నీళ్ళు తాగకుండా నడిస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. అందుకని గుడి దగ్గర సత్రంలో రెండు గదులు ముందుగానే తీసుకుంటున్నాం, ఒకటి పూర్తిగా ఆడవారికి. తీరానికి బయలుదేరేముందు ఒకసారి, రాగానే ఒకసారి అక్కడ ఆగుతాం. మధ్యలో అవసరమైనవారిని తీసుకువెళ్ళడానికి ఒక ఆటో మొదటి మజిలీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ధైర్యంగా మంచినీళ్ళు తాగండమ్మా.

అలాగే, వనభోజనాలంటే ఆడవాళ్ళు వండడం, మగవాళ్ళు పేకాడడం అన్న ఆనవాయితీ ఈసారి వద్దు. పులిహోర, దద్ధోజనం, కూర వంటవాడికి పురమాయించాం. కుటుంబ పెన్షను తీసుకుంటున్న అక్కచెల్లెళ్ళు, "ఆయనే లేనప్పుడు నేనెందుకు" అని ఆగిపోవద్దు. మీరు ఎవరి భార్యగానో కాదు, ఈ సంఘం సభ్యులుగా రండి.

నీటి విషయంలో ఒకటే నిబంధన, దీనికి మినహాయింపు లేదు. మొగ దగ్గర ఎవరూ నీటిలో దిగరాదు. నది పక్క నీరు నిలకడగా కనిపించినా, అడుగున లాగుడు ఉంటుంది. ఇసుక అంచు కాళ్ళకింద విరిగిపోతుంది. ఈత వచ్చినవాడే ముందు పోతాడు, రానివాడు భయపడి ఒడ్డున ఉంటాడు. మనుమలు చేయి విడిపించుకుని పరుగెడితే వాళ్ళ వెనక పరుగెత్తగలవారు మనలో ఎవరూ లేరు. అందుచేత పిల్లలతోపాటు వాళ్ళ తల్లో తండ్రో రావాలి. లేకపోతే పిల్లల్ని తీసుకురావద్దు. లైట్‌హౌస్ మెట్ల జోలికీ పోవద్దు.

నడకలో వరస ఎలా ఉండాలంటే, అందరికంటే నెమ్మదైనవారు ముందు ఉండాలి. వారిని దాటి ఎవరూ వెళ్ళరాదు. చివర ఒకరు ఎర్ర తువ్వాలు మెడలో వేసుకుని నడుస్తారు, ఆయన వెనక ఎవరూ ఉండరు. ఇద్దరిద్దరు జంటలుగా నడవాలి, జంటలో ఒకరు ఆగితే రెండోవారూ ఆగాలి. ఎవరూ "ఏం మాస్టారూ, అప్పుడే ఆయాసమా" అని హాస్యానికైనా అనకూడదు. మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేది మోకాలినొప్పి ఒక్కటే కాదు, ఇలాంటి మాట కూడా.

అంత తక్కువ నడిస్తే ప్రయోజనమేమిటని అడుగుతారేమో. రోజుకు పదివేల అడుగులు వేయాలని మన పిల్లలు చెబుతుంటారు. ఆ లెక్క ఎక్కడిదో తెలుసాండి? టోక్యో ఒలింపిక్సు జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరుపెట్టారు. ఆ పేరే లోకమంతా పాకింది. 2019లో అమెరికాలో, సగటున 72 ఏళ్ళ వయసున్న 16 వేలమందికి పైగా స్త్రీల మీద చేసిన అధ్యయనం ఒకటి వెలువడింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా కనిపించలేదు. మన మూడు మజిలీలూ నడిచినవారికి నాలుగైదు వేల అడుగులు సులువుగా పడతాయి. ఒక్క మజిలీ నడిచినవారికి అంత పడకపోవచ్చు. కాని రెండేళ్ళుగా వీధి గుమ్మం దాటనివారికి ఆ వెయ్యి అడుగులూ తక్కువా? మనం ఏటా బ్రతికే ఉన్నామని ప్రభుత్వానికి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మన తోటివాళ్ళకు ఆ మాట కాగితం మీద కాకుండా ఇలా కనబడి చెబుదాం.

ఖర్చు వివరాలు, బస్సు సీట్ల వివరాలు కోశాధికారిగారు చెబుతారు. ప్రాంతానికొకరు చొప్పున అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో పేర్లు రాసుకునే బాధ్యత తీసుకున్నారు. వారికి నా మనవి ఒక్కటే. ముందు ఫోను చేయవలసింది రోజూ పార్కులో కనబడేవారికి కాదు. ఈ ఏడాదిలో ఒక్క సమావేశానికైనా రానివారి పేర్లు హాజరు పుస్తకంలోనుంచి తీయండి. వారింటికి వెళ్ళండి, పది నిమిషాలు వారితో నడవండి. కొలత వారిది తీసుకోండి. ఆ తరువాత మిగిలిన సీట్లకు మాలాంటివాళ్ళను చేర్చుకోండి.

మాస్టారు ఇంకా పేరు ఇవ్వలేదు. "చూద్దాంలెండి" అన్నారు. అమ్మగారు మాత్రం బస్సులో ముందు సీటు దొరుకుతుందా అని అడిగారు. రెండు సీట్లు ఉంచమని చెప్పి వచ్చాను. ఈ సభ ముగిశాక మీలో ఒకరిద్దరు వారింటికి వెళ్ళి, మీరూ రమ్మని అంటే బాగుంటుంది. నేను ఒక్కణ్ణే అంటే అది నా మాటవుతుంది, నలుగురు అంటే సంఘం మాటవుతుంది.